తీగ మీద ఇరవై మూడో వాల్వు

ఆ వీధిలో మెకానిక్ షెడ్లు రెండు. రెండూ ఎదురెదురుగా ఉంటాయి. రెండూ ఒకే ఇంటి అల్లుళ్ళవి. ఈ ఏర్పాటు ఎవరి పుణ్యమో గానీ, పదకొండేళ్ళుగా వీధి జనానికి మాత్రం మంచి కాలక్షేపం.

పెద్దల్లుణ్ణి అందరూ చెవి మేస్త్రి అంటారు. చెవులు పెద్దవని కాదు. బండి ఏదైనా సరే, స్టార్ట్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి కళ్ళు తెరిచి "మూడో సిలిండర్లో వాల్వు లూజు" అంటాడు. విప్పి చూస్తే అదే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ చెవి తప్పు చెప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. లెక్కపెట్టడానికి ఆయన ఒప్పుకోడు, అది వేరే సంగతి.

చిన్నల్లుడికి మారుపేరు లేదు. మేస్త్రి కడుపుమంట అక్కడే మొదలైంది. మారుపేరు అక్కర్లేకుండానే అతని దగ్గరికి బళ్ళు వస్తాయి. అతని షెడ్డులో నేలంతా తెల్లటి టైల్స్. వచ్చినవాళ్ళు కూర్చోడానికి కుర్చీలు, ఫ్యాను, చదువుకోడానికి పాత పత్రికలు. బండికి వైరు తగిలిస్తే జబ్బు పేరు రాసి చూపించే స్కానర్ ఒకటి. అన్నిటినీ మించి అతనికో అలవాటు ఉంది. ఏ భాగం విప్పినా, తిరిగి బిగించాక దాని మీద తెల్ల పెన్నుతో ఆ రోజు తేదీ రాస్తాడు. "బోల్టులకి పుట్టినరోజులు రాస్తున్నాడు" అని మేస్త్రి వెక్కిరించేవాడు. ఆ తేదీలు చూసి జనం ముచ్చటపడుతున్నారని తెలిశాక ఆ వెక్కిరింతలో పస తగ్గింది.

మేస్త్రి షెడ్డు గుమ్మం పక్కన లారీ సైడు అద్దం ఒకటి బిగించి ఉంటుంది. వెనక్కి వచ్చే బళ్ళకి దారి చూపించడానికని అందరికీ చెబుతాడు. నిజానికి వీపు తిప్పకుండా, చేతిలో పని ఆపకుండా, ఎదురు షెడ్డు ముందు ఎన్ని బళ్ళు ఆగాయో చూసుకోడానికి పెట్టుకున్నాడు. ఆ సంగతి భార్యకి తెలుసు. ఆమె ఆ ఇంటి పెద్ద కూతురు, నోట్లో నాలుక ఉన్న మనిషి. "ఆ అద్దంలో మా చెల్లెలి మొగుడొక్కడే కాదండీ, కాస్త పక్కకి జరిగితే మీ మొహం కూడా కనపడుతుంది. అప్పుడప్పుడూ చూసుకోండి" అంటుంది. మేస్త్రి వినపడనట్టు ఊరుకుంటాడు. అలాంటప్పుడు ఆ చెవి పనిచెయ్యదు.

ఇక ఆయన షెడ్డు లోపల గోడకి ఒక తీగ వేలాడుతుంటుంది. దాని నిండా రాగి రంగు తిరిగిన చిన్న చిన్న బిళ్ళలు. వాటిని థర్మోస్టాట్ వాల్వులంటారు. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్ళని చల్లార్చే రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపడం, వేడెక్కాక తెరుచుకుని దారివ్వడం వాటి పని. ఎండాకాలంలో బండి కాగిపోతోందని ఎవరొచ్చినా మేస్త్రి మొదట చేసేది ఆ వాల్వు పీకేయడం. "ఉడికేదానికి మూతెందుకయ్యా?" అంటాడు. నీళ్ళు అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతాయి, ఇంజను చల్లబడుతుంది, బండి మనిషి సంతోషంగా వెళ్ళిపోతాడు. పీకినవన్నీ తీగకి గుచ్చి దాచుకోవడం ఆయనకి సరదా. కంప్యూటర్లు లేని పాత కార్బురేటర్ బళ్ళ కాలంలో ఆ వైద్యం చక్కగా చెల్లింది. కాలం మారిందని మేస్త్రికి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాడు ఎదురు షెడ్డులో ఉన్నాడు, వాడు చెబితే ఈయన వినడు.

మావగారు నలభై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. స్టీరింగు లేకుండా చేతులు ఊరుకోక, పాత వ్యాను ఒకటి కొని అందులో మంచం, పొయ్యి, చిన్న అలమర బిగించుకున్నాడు. అత్తగారు కిటికీలకి నీలం పూల కర్టెన్లు కుట్టింది. ఇంట్లో అందరూ దాన్ని చిన్నిల్లు అంటారు. "ఆయనకున్న చిన్నిల్లు ఇదొక్కటేలెండి, నాక్కూడా చోటుంది కాబట్టి ఊరుకుంటున్నా" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది.

ఆ చిన్నింటి మీద మొదటినుంచీ మేస్త్రి చెయ్యే. మావగారు దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఎదురుగా పది బళ్ళు ఆగినా, ఈ ఒక్క బండీ తన దగ్గరికి వస్తున్నంత కాలం మేస్త్రి ఎలాగో ఓర్చుకునేవాడు. పెద్దల్లుడన్న మాటకి ఆయన దగ్గర మిగిలిన రుజువు అదొక్కటే.

మావగారికి మోకాలి ఆపరేషన్ అయ్యి, వ్యాను రెండేళ్ళు ఇంటి పక్క రేకుల కిందే ఉండిపోయింది. ఈ చలికాలం దాన్ని బయటికి తియ్యాల్సి వచ్చింది. అత్తగారి అక్క కొండ మీద ఊళ్ళో ఉంటుంది. పడి తుంటి విరగ్గొట్టుకుంది, షుగరు తగ్గాక నెలకి ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్‌కి ముందే చెల్లెల్ని ఒక్కసారి చూడాలని పట్టుబట్టింది. అత్తగారికి బస్సు పడదు, రెండు మలుపులు తిరిగేసరికి వాంతులు. చిన్నింట్లో మంచం మీద పడుకుంటే తప్ప కొండెక్కలేదు. తీరా బండి తీస్తే, యాక్సిలరేటర్ తొక్కగానే ముందుకి పోకుండా ఆగి, దగ్గి, ఆ తర్వాత దూకడం మొదలెట్టింది. వెనక నల్లటి పొగ. అది వేసుకుని కొండెక్కడం అయ్యే పని కాదు.

ఆ రోజు మేస్త్రి ఒక ఆటో కింద పడుకుని ఉన్నాడు. అద్దంలో నీలం పూల కర్టెన్లు కనపడ్డాయి. వస్తోంది వస్తోంది అనుకుంటూ చేతులు తుడుచుకున్నాడు. బండి వీధి మధ్యకి వచ్చి, ఒకసారి తుమ్మి, ఎడమవైపు తిరగాల్సింది కుడివైపు తిరిగింది. నేరుగా తెల్ల టైల్స్ మీదకి ఎక్కింది.

మేస్త్రికి ఆ పూట అన్నం సయించలేదు.

"మీ నాన్న దారి మర్చిపోయాడా?" అన్నాడు భార్యతో.

"బండిలో కంప్యూటర్ ఉందట కదండీ. స్కానర్ పెడితే అరగంటలో తేలిపోతుందని వెళ్ళుంటాడు."

"నా చెవికి తెలియనిది ఆ డబ్బాకి తెలుస్తుందా?"

"అయితే వెళ్ళి విని రండి, ఎవరొద్దన్నారు?"

వెళ్ళలేదు. పదకొండేళ్ళలో ఆయన ఆ గుమ్మం తొక్కలేదు, ఇప్పుడు తొక్కుతాడా? అద్దం ముందు నిలబడ్డాడు. అరగంటలో తేలలేదు. ఆ రోజూ తేలలేదు. మర్నాడు చిన్నల్లుడు స్పార్క్ ప్లగ్గులు మార్చాడు, బండి రెండు రోజులు బాగానే ఉండి మళ్ళీ పొగ కక్కింది. ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు విప్పి కడిగాడు. వేడి చెప్పే సెన్సర్ మార్చాడు, పొగ చూసే సెన్సర్ మార్చాడు. స్కానర్ ఏ తప్పూ లేదంటుంది, బండి దగ్గుతూనే ఉంటుంది. ప్రతి పొగకీ మేస్త్రి కడుపు చల్లబడుతోంది. మూడు వారాలు ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తప్పని తెలుసు. అవతల పెద్దావిడ మంచం మీద ఎదురుచూస్తోందనీ తెలుసు. సిగ్గేసింది కూడా. కానీ సిగ్గు సిగ్గే, సంతోషం సంతోషమే. రెండూ ఒకే మనిషిలో హాయిగా కాపురం చేశాయి.

ఆపరేషన్‌కి ఇంకా నాలుగు రోజులుందనగా, ఒక పొద్దున చిన్నిల్లు తెల్ల టైల్స్ దిగి, రెండుసార్లు దగ్గి, రోడ్డు దాటి మేస్త్రి షెడ్డులోకి వచ్చింది.

"అల్లుడూ, ఇక నువ్వే దిక్కు" అన్నాడు మావగారు దిగుతూ. "చిన్నోడు చేతులెత్తేశాడు. 'నా వల్ల కాదు మావయ్యా, దీనికి అన్నయ్య చెయ్యే పడాలి' అన్నాడు."

ఆ మాట విని మేస్త్రికి ఒళ్ళు తెలియలేదు. పదకొండేళ్ళుగా వినాలనుకున్న మాట అదే. తొందరపడకుండా చేతులు తుడుచుకున్నాడు.

"పోనీలెండి మావయ్యా. అందరికీ అన్నీ రావాలని ఏముంది?"

"ఇదిగో, ఇది నీకిమ్మన్నాడు. అవసరం పడొచ్చట." మావగారు అరచేతిలో పట్టేంత అట్టపెట్టె ఇచ్చాడు. మేస్త్రి దాన్ని విప్పనైనా విప్పకుండా బల్ల మీదకి గిరాటేశాడు. చేతగానివాడి సామాను తనకెందుకు?

బండి లోపలినుంచి అత్తగారు తొంగిచూసింది. ఒళ్ళో బట్టల సంచి ఉంది, పైన అక్క కోసం అల్లిన స్వెటరు మడత. "నాయనా, మా అక్క రోజూ ఫోన్ చేసి బయల్దేరావా అని అడుగుతోంది. లేదని చెప్పలేక, బయల్దేరానే అంటున్నా. మూడు వారాలుగా దారిలోనే ఉన్నాన్నేను. ఏం చేస్తావో ఏమో, నా అబద్ధం నిజం చెయ్యి."

మేస్త్రి ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాడు. సాయంత్రానికి బాగుచేసి ఇస్తానని మాటిచ్చి ఇద్దర్నీ ఇంటికి పంపించాడు.

ఇంజను స్టార్ట్ చేసి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. మోత సాఫుగా ఉంది. ఎక్కడా లూజు లేదు, ఎక్కడా గీరుకోవడం లేదు. జబ్బు లేని ఇంజను, తిండి మాత్రం అతిగా తింటోంది. ప్లగ్గు విప్పి చూస్తే కాటుక పట్టేసి ఉంది. అంటే పెట్రోలు అక్కర్లేనంత పడుతోంది. ఎందుకు పడుతోంది? ఫిల్టర్ చూశాడు, కొత్తది, మీద తెల్ల పెన్నుతో తేదీ. ఇంజెక్టర్లు చూశాడు, కడిగినవి, మీద తేదీ. సెన్సర్లు చూశాడు, తేదీ. తాను ఎక్కడ చెయ్యి పెట్టబోయినా చిన్నల్లుడు అక్కడికి ముందే వచ్చి వెళ్ళాడు. ఒక్క వైరు వంకరగా లేదు. ఒక్క బోల్టు తల చెడలేదు. ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని వెతికాడు. దొరకలేదు. అంత శుభ్రమైన పనిని చూస్తుంటే ఎవరో తన ఇంట్లో దూరి తనకంటే నీటుగా సర్దిపెట్టినట్టు అనిపించి ఒళ్ళు మండిపోయింది.

ఇంజను నడుస్తుండగానే, ఏదో అలవాటుగా, రేడియేటర్ పైగొట్టం చేత్తో పట్టుకున్నాడు. గోరువెచ్చగా ఉంది.

చెయ్యి తియ్యలేదు. ఆ గొట్టం మొదటి కొన్ని నిమిషాలూ చల్లగా ఉండాలి. ఇంజను పూర్తిగా కాగి వాల్వు తెరుచుకున్నాక ఒక్కసారిగా కాలిపోవాలి. ఇది మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా ఉంది, పది నిమిషాలైనా గోరువెచ్చగానే ఉంది. అంటే నీళ్ళని ఆపేది ఏదీ లేదు. అంటే ఈ చలిలో ఇంజను ఎప్పటికీ కాగదు. అది కాగలేదని సెన్సర్ నిజమే చెబుతోంది. ఇంకా చలిగా ఉంది పాపం, కాస్త ఎక్కువ పెట్రోలు పోద్దామని కంప్యూటర్ పోస్తూనే ఉంది. స్కానర్‌కి తప్పు ఎక్కడ దొరుకుతుంది? అందరూ నిజమే చెబుతున్నారు.

మేస్త్రి మెల్లగా తల తిప్పి గోడ మీది తీగ వైపు చూశాడు.

ఆఖరున ఉన్నది ఇరవై మూడోది. ఆ తర్వాత కాగిన బళ్ళన్నీ ఎదురు షెడ్డుకే వెళ్ళాయి. మిగతావాటికి చీటీలు లేవు, దానికి మాత్రం అట్టముక్క కట్టి ఉంది. 'మావయ్య బండి' అని తన చేతిరాతే. రెండేళ్ళ కిందట నడి వేసవిలో చిన్నిల్లు కాగిపోతుంటే, మావగారి కళ్ళముందే ఐదు నిమిషాల్లో పీకి చూపించి "ఇక దీనికి జ్వరం రాదు మావయ్యా" అన్నాడు. ఆ తర్వాత బండి రేకుల కిందే ఉండిపోయింది. మూడు వారాలుగా తాను ఆనందంగా చూస్తున్న ఆ నల్లపొగ తన చేతి పొగ.

స్టూలు మీద కూర్చున్నాడు. సరే, ఇప్పుడేమైంది, అని తనకి తానే చెప్పుకున్నాడు. ఎవరికి తెలుసు? వాల్వు తిరిగి పెట్టేస్తే పది నిమిషాల పని. బండి బాగవుతుంది, అత్తగారు కొండెక్కుతుంది, చిన్నోడు మూడు వారాల్లో చెయ్యలేనిది పెద్దోడు పూటలో చేశాడని వీధంతా చెప్పుకుంటుంది. లేచి రెంచీ తీసుకుని, వాల్వు కూర్చునే గూడు మూత దగ్గరికి వంగాడు.

మూత మీద తెల్ల పెన్నుతో తేదీ రాసి ఉంది. మొన్న సోమవారం తేదీ.

మూత అంచున కొత్త గమ్ము, గీత గీసినట్టు సన్నగా ఉంది. చిన్నల్లుడు ఈ మూత విప్పాడు. లోపల ఖాళీగా ఉండటం చూశాడు. పీకింది ఎవరో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు, అలాంటి పని చేసి గోడకి వేలాడదీసుకునేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే. చూసి, మళ్ళీ అంతే ఖాళీగా మూసేసి, తేదీ కూడా వేసి, "దీనికి అన్నయ్య చెయ్యే పడాలి" అని పంపించాడు.

మేస్త్రి చెవులు రెండూ ఎర్రబడ్డాయి. తన పరువు కాపాడటానికి పంపాడా? అయితే ఇది దానం. ఆ దానం ఎవడడిగాడు? పనిలో తనకంటే నీటుగాడు, ఇప్పుడు మంచితనంలో కూడా తనకంటే పెద్దవాడైపోతే ఇక పెద్దల్లుడికి మిగిలేదేమిటి? చిన్నోడు తప్పు చేస్తే ఓర్చుకోగలిగేవాడు. ఒప్పు చేస్తే కూడా ఏదో ఏడ్చి ఊరుకునేవాడు. ఇది రెండూ కాదు, కరుణ. చేతిలో రెంచీ బల్ల మీద వేసి కొట్టాడు, బోల్టులు చెల్లాచెదురయ్యాయి.

కోపం కోపమే, సాయంత్రానికి మాటిచ్చింది మాత్రం అత్తగారికి. తీగ విప్పి ఇరవై మూడో వాల్వు తీసుకుని వెనక వంటగదిలోకి వెళ్ళాడు. పాలగిన్నెలో నీళ్ళు పోసి, పొయ్యి వెలిగించి, వాల్వు అందులో వేశాడు. నీళ్ళు కాగితే అది తెరుచుకోవాలి. నీళ్ళు కాగాయి. మరిగాయి. తెర్లాయి. రెండేళ్ళు గాలికి వేలాడి తుప్పు పట్టిన వాల్వు గిన్నె అడుగున పళ్ళు బిగించుకుని పడుకుంది.

భార్య వచ్చి భుజం మీదుగా చూసింది. "ఇదేం కూరండీ?"

"నా కర్మ కూర."

"ఉప్పు సరిపోయిందా?" అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆ గిన్నె ఇక పాలకి పనికిరాదని మళ్ళీ తలుపు దగ్గరినుంచి కేకేసింది.

అప్పుడు గుర్తొచ్చింది అట్టపెట్టె. బల్ల కింద పడి ఉంది. విప్పితే లోపల మెరిసిపోతున్న కొత్త వాల్వు, దాని రబ్బరు రింగుతో సహా. మేస్త్రి దాన్ని కాసేపు పామునో తేలునో చూసినట్టు చూశాడు. తర్వాత మరుగుతున్న నీళ్ళలో వేశాడు. చెప్పినట్టు విని తెరుచుకుంది. తీసి చన్నీళ్ళలో వేస్తే ముడుచుకుంది. ఎంతసేపు చూసినా అందులో వంక దొరకలేదు.

దాన్నే బిగించాడు. ప్లగ్గులు తుడిచి పెట్టాడు. అంతటితో ఆగలేదు. ఆ వేసవిలో బండి అసలు ఎందుకు కాగిందో చూడకుండా వాల్వు పీకడం తన తప్పని ఇప్పుడు బాగా అర్థమై, రేడియేటర్ విప్పి నీళ్ళు కొట్టాడు. బురద, తుప్పు, ఎండిన ఆకుల పొడి వచ్చాయి. రెండేళ్ళ కిందట చెయ్యాల్సిన పని అది. మూత మీది తేదీని గుడ్డతో తుడిచెయ్యబోయి, ఎందుకో ఆగిపోయి, అలాగే వదిలేశాడు.

నాలుగింటికి మావగారొచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. నీళ్ళ ట్యాంకు దగ్గరి ఎత్తు ఎక్కించాడు. బండి ఎక్కడా ఆగలేదు, దగ్గలేదు, వెనక పొగ లేదు. ముసలాయన దిగి, వీధిలో అందరూ వినేలా మేస్త్రి వీపు మీద చరిచాడు.

"చెవంటే ఇదీ! మూడు వారాలు డబ్బాలు తగిలించి చూసినా దొరకని రోగం, మా పెద్దోడు ఒక్క పూటలో పట్టేశాడు!"

ఎదురు షెడ్డు గుమ్మంలో చిన్నల్లుడు నిలబడి వింటున్నాడు. మేస్త్రి ఇన్నేళ్ళూ కలగన్న దృశ్యం అదే. తీరా వచ్చేసరికి అది చేదుగా ఉంది.

ఆ సాయంత్రం షట్టరు దించే వేళకి, ఖాళీ అట్టపెట్టె చేత్తో పట్టుకుని మేస్త్రి రోడ్డు దాటాడు. తెల్ల టైల్స్ మీద మొదటిసారి కాలు పెట్టాడు. చిన్నల్లుడు చేతులు కడుక్కుంటున్నాడు.

"తెలిసీ ఎందుకు దాచావు తమ్ముడూ? నీ జాలి నాకక్కర్లేదు."

చిన్నల్లుడు చేతులు తుడుచుకుంటూ ఆయన వైపు చూశాడు. "జాలా? మీ మీదా?" అని ఓ నవ్వు నవ్వాడు, అందులో సంతోషం లేదు. "నేను దాచలేదన్నయ్యా. మూత విప్పిన రోజే మావయ్యకి చెప్పా, వాల్వు లేదు, అన్నయ్య తీసేసినట్టున్నారు, కొత్తది పెడతానని. ఆయనేమన్నారో తెలుసా? 'పెద్దోడు తీశాడంటే ఏదో లెక్క ఉండే తీసుంటాడు, వాడు చేసినదాన్ని నువ్వు ముట్టుకోకు' అన్నారు. కొత్త వాల్వు చేతిలో పట్టుకుని నిలబడ్డా. ముట్టుకోనివ్వలేదు."

మేస్త్రి చేతిలోని అట్టపెట్టెని బల్ల మీద పెట్టాడు.

"పదకొండేళ్ళు, అన్నయ్యా. ఇక్కడికొచ్చి ఆ కుర్చీలో కూర్చుని, నా ఫ్యాను గాలికి, మీ గురించే చెబుతారు. పెద్దోడైతే చెవి పెట్టి చెప్పేవాడు, పెద్దోడైతే ఇంతసేపు పట్టేది కాదు. నా పని ఎంత బాగున్నా, పెద్దోడు నేర్పాడా అని అడుగుతారు. నేను చెబితే నమ్మరు కదా, కనీసం మీకైనా తెలియాలనుకున్నా. మీ చెయ్యి తప్పిందని మీ చేత్తోనే మీరు తెలుసుకోవాలని పంపించా. మీరు తెలుసుకుంటుంటే చూడాలనిపించింది. చూశా కూడా."

"ఎలా చూశావు?"

చిన్నల్లుడు బల్ల మీది చిన్న తెర వైపు చూపించాడు. గుమ్మం మీద దొంగల కోసమని పెట్టిన కెమెరా బొమ్మ అందులో కనపడుతోంది. అతని గుమ్మం ఒక మూలకే ఉంది. తెర నిండా ఉన్నది మేస్త్రి షెడ్డు. స్టూలు, బల్ల, తీగ, తీగ చివర ఖాళీ.

మేస్త్రి చాలాసేపు ఆ తెర చూశాడు. తనని చూసి ఒకడు ఇన్నేళ్ళుగా కుళ్ళుకుంటున్నాడు! నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు. అక్కడినుంచి ఇంటికి నడుస్తుంటే, నిజం చెప్పాలంటే, పెళ్ళి కుదిరిన రోజు కూడా ఆయన అంత తేలిగ్గా నడవలేదు. ఆ రాత్రి భార్యకి ఏమీ చెప్పలేదు. రెండుసార్లు వడ్డించుకు తిన్నాడు.

మర్నాడు పొద్దున చిన్నిల్లు బయల్దేరింది. కూతుళ్ళిద్దరూ, అల్లుళ్ళిద్దరూ రోడ్డు మీదకి వచ్చారు. అత్తగారు మంచం మీద సర్దుకుని ఫోన్లో "దారిలోనే ఉన్నానే అక్కా, ఈసారి నిజంగానే" అంటోంది. మావగారు ఇంజను స్టార్ట్ చేసి మళ్ళీ అదే పాట అందుకున్నాడు. పెద్దోడి చెవి, పెద్దోడి చెయ్యి.

మేస్త్రికి నిలవబుద్ధి కాలేదు. నిజం చెప్పేయాలనిపించింది. మంచితనం ముంచుకొచ్చి కాదు. తన తప్పు చిన్నోడి జేబులో కత్తిలా ఉండటం భరించలేక. అందరి ముందూ తానే చెప్పేస్తే ఇక ఆ కత్తికి పదునుండదని లెక్కేసుకున్నాడు.

"మావయ్యా, ఒక్కమాట. తప్పు నాదే. ఆ వాల్వు పీకేసి బండిని పాడుచేసింది నేను. కనిపెట్టింది తమ్ముడు. కొత్తది కొనిపెట్టింది కూడా తమ్ముడే. నేను బిగించానంతే."

చిన్నల్లుడు తలెత్తాడు. పదకొండేళ్ళుగా వినాలనుకున్న మాట విన్నవాడి మొహం అది.

మావగారి కళ్ళు చెమర్చాయి. కిటికీలోంచి చెయ్యి చాపి మేస్త్రి తల నిమిరాడు. "చూశారర్రా? తాను చేసిన పని కూడా తమ్ముడి పేరు మీద వేస్తున్నాడు. పెద్దరికమంటే అదీ." అని చిన్నల్లుడి వైపు తిరిగాడు. "నువ్వు కూడా కాస్త నేర్చుకో నాయనా."

బండి కదిలింది. దగ్గలేదు, పొగ కక్కలేదు, నీలం పూల కర్టెన్లు ఊగుతూ మలుపు తిరిగాయి. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. మేస్త్రికి ముందు సంతోషమే కలిగింది, కలగలేదంటే అబద్ధం. ఆ సంతోషంతోనే పక్కకి చూశాడు.

చిన్నల్లుడు రోడ్డు మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు. పళ్ళు బిగించి, కళ్ళు ఎర్రబడి, మలుపు వైపు చూస్తున్నాడు. మేస్త్రికి ఆ మొహం ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో కాదు. లారీ అద్దంలో, ఎదురు షెడ్డుకి పక్కన, అంచున, పదకొండేళ్ళుగా చూసీ చూడనట్టు వదిలేసిన తన మొహం అది.